పడుకున్నవాళ్ళకి తెలిసిన సంగతి

డాక్టర్ కేదార్‌కి చెయ్యి వణకడం మొదలై మూడు నెలలైంది.

మామూలు మనిషికి చెయ్యి వణికితే కాఫీ ఒలుకుతుంది, చొక్కా పాడవుతుంది, ఇంట్లో రెండు మాటలు పడతాయి. కేదార్ మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల దగ్గర రోగి తలవైపు నిలబడి, మనిషిని నిద్రపుచ్చి, ఆ మనిషి ఊపిరిని కాసేపు తన దగ్గర పెట్టుకుని, మళ్ళీ భద్రంగా అప్పగించడం అతని పని. ఆ చెయ్యి వణికితే చొక్కాతో పోదు.

టాన్సిల్స్ ఆపరేషన్‌కి వచ్చిన ఆరేళ్ళ పాప దగ్గర మొదలైంది ఇదంతా. పాప వేలికి పెట్టిన క్లిప్పు జారినప్పుడల్లా మానిటర్ ఊరికే కూసేది. నాలుగుసార్లు క్లిప్పు సరిచేశాడు. ఐదోసారి విసుగొచ్చి మానిటర్ నోరు నొక్కేశాడు. ఆ తర్వాత, కప్పిన గుడ్డల కింద ఎక్కడో ఆక్సిజన్ గొట్టం ఊడింది. మానిటర్ చెప్పలేదు. చెప్పొద్దన్నారు కదా. "డాక్టరు గారూ, పాప పెదాలు చూడండి" అని నర్సు అనేసరికి నిమిషం గడిచిపోయింది.

గొట్టం మళ్ళీ తగిలించాడు. నీలంగా మారిన పెదాలు మెల్లగా ఎర్రబడ్డాయి. మూడో రోజున పాప ఐస్‌క్రీం తింటూ ఇంటికెళ్ళింది. కేదార్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అతని చెయ్యి మాత్రం ఊరుకోలేదు.

సరిగ్గా ఆ సమయంలోనే మానిటర్లు అమ్మే కంపెనీ ఒకటి పిలిచింది. ఊరూరా తిరిగి మా మిషన్ గొప్పతనం డాక్టర్లకి చెప్పండి చాలు, మనుషుల్ని ముట్టుకోనక్కర్లేదు అన్నారు. మనుషుల్ని ముట్టుకోనక్కర్లేదన్న మాట అతనికి జీతం కన్నా నచ్చింది. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

ఈలోగా శని, ఆదివారాలు అరకు వైపు కొండ మీద మత్తు డాక్టర్ల సదస్సు వచ్చింది.

డాక్టర్లు ఎప్పటికప్పుడు కొత్త సంగతులు నేర్చుకుంటూ ఉండాలని పైవాళ్ళు నియమం పెట్టారు. చల్లటి చోట, ఈతకొలను పక్కన నేర్చుకోకూడదని మాత్రం పెట్టలేదు. మూడొందల మంది పేర్లు రాయించుకున్నారు. హాల్లో నూట పాతిక మంది కనపడ్డారు. మిగతావాళ్ళ చదువు కాఫీ తోటల్లోనూ, బొంగులో చికెన్ అమ్మేచోటా సాగింది. మత్తు డాక్టర్ల సంఘం కార్యదర్శి గోవిందరావు గారు మంకీ క్యాప్ తియ్యకుండానే జ్యోతి వెలిగించి, ఫోటోలో తన ముఖం పడలేదని తర్వాత బాధపడ్డారు.

భోజనాలయ్యాక హైదరాబాదు ప్రొఫెసర్ ఒకాయన కొత్త మత్తుమందుల మీద నూట పన్నెండు స్లైడ్లు వేశారు. ముప్పయ్యో స్లైడుకల్లా హాలంతా నిద్రపోయింది. చుక్క మందు వాడలేదు. ఎవరికీ వాంతులు కాలేదు. అంత గొప్ప ఫలితాన్ని ఆయన ఏ పత్రికకీ పంపినట్టు లేదు.

ఆ హాల్లో నిద్రపోనివాళ్ళు ఇద్దరు. ఒకరు కేదార్. రెండోవారు రూతమ్మ గారు.

రూతమ్మ గారికి డెబ్బై రెండేళ్ళు. నూలు చీర మీద మగవాళ్ళ స్వెట్టరు, కాళ్ళకి కాన్వాసు బూట్లు. బొబ్బిలి నుంచి బస్సుల్లో మారుతూ వచ్చారు. పెద్దాసుపత్రిలో ముప్పై అయిదేళ్ళు మత్తు ఇచ్చారు, చదువు చెప్పారు. కేదార్ ఆవిడ చివరి బ్యాచ్. ముప్పై అయిదేళ్ళలో ఆవిడ చేతిలో ఒక్క ప్రాణం పోలేదని, ఆవిడకి భయమంటే ఏమిటో తెలియదని విద్యార్థులు తరతరాలుగా చెప్పుకునేవారు.

ఆవిడ చెప్పిన చదువులో రెండు ముక్కలు ఏ పుస్తకంలోనూ ఉండవు. మందు ముట్టుకునే ముందు రోగిని మూడు అడగాలి: పేరు, వయసు, భయంగా ఉందా అని. మిషన్ ఏం చెప్పినా సరే, ముక్కు ముందు అరచెయ్యి పెట్టి ఊపిరి చూసుకోవాలి. "మిషన్ చెప్తుంది కదా మేడమ్" అని ఎవరో అంటే, "చెప్పనీ. నువ్వు కూడా చూడు" అనేవారు.

రిటైరైన పన్నెండేళ్ళలో ఆవిడ ఒక్క సదస్సుకీ రాలేదు. ఇప్పుడెందుకు వచ్చినట్టు?

కొండ మీద ఆ పూట జరిగిన అసలు చర్చ ఇదే. మేనకోడలికి డాక్టరు సంబంధం చూడ్డానికని ఒకరన్నారు. సంఘానికి అధ్యక్షురాలు కావాలని చూస్తున్నారని గోవిందరావు గారు భయపడ్డారు. కాఫీ పొడి ఉచితంగా ఇస్తున్నారని విని వచ్చుంటారని, రెండు పొట్లాలు అప్పటికే సంచిలో వేసుకున్న డాక్టరమ్మ ఒకావిడ అంది.

వింత ఏమిటంటే, ఆవిడ కనపడిన ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుంటున్నారు. పలకరించి, చెయ్యి పట్టుకుని, వదలకుండా అలాగే కాసేపు ఉంటున్నారు. "బాగున్నావా నాన్నా" అని అడిగి, జవాబు విన్నట్టు కనపడకుండా, వేళ్ళ వైపు చూసి వదిలేస్తున్నారు.

కేదార్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని తిరిగాడు. చలి కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఆవిడ ఎదురైతే దూరం నుంచే దండం పెట్టి పక్కకి తప్పుకున్నాడు. నిజానికి అతను వచ్చిందే ఆవిడ కోసం. ఒకే ఒక్క ప్రశ్న అడగాలి. అడగడానికి దగ్గరికి వెళ్ళాలి. వెళ్తే చెయ్యి ఇవ్వాలి.

సాయంత్రం టీ దగ్గర దొరికిపోయాడు.

"ఏటి కేదారూ, దండాలు పెట్టి పారిపోతున్నావు? నేనేం అప్పు అడగనులే. ఇదుగో, టీ తాగు" అని రూతమ్మ గారు కప్పూ సాసరూ అందించారు.

తీసుకోక తప్పలేదు. సాసరు మీద కప్పు గలగలలాడింది. కేదార్ గబుక్కున బల్ల మీద పెట్టేశాడు.

"చలి" అన్నాడు.

"అవును, చలి" అని ఆవిడ ఇంకొకరి చెయ్యి పట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

తర్వాత పక్క హాల్లో కుర్ర డాక్టర్లకి శిక్షణ. పొడుగాటి బల్ల మీద రబ్బరు బొమ్మ ఒకటి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. దాని గొంతులోకి గొట్టం ఎలా వెయ్యాలో చూపించడం కేదార్ వంతు. చుట్టూ పాతిక మంది మూగారు. వెనక కుర్చీలో రూతమ్మ గారు.

కేదార్ బొమ్మ తలవైపుకి వెళ్ళాడు. గొట్టం వేశాడు, దాని చివర గాలి సంచి తగిలించి నొక్కాడు. ఛాతీ లేచింది. మిషన్ మీద పచ్చ దీపం వెలిగింది. అంతా అయిపోయింది. అప్పుడు తనకి తెలియకుండానే గొట్టం చివర నుంచి గాలి సంచి ఊడదీసి, అక్కడ అరచెయ్యి పెట్టాడు. బొమ్మ ఊపిరి వదుల్తుందేమో అని ఆగాడు.

అందరూ ఘొల్లుమన్నారు.

"సార్, దాని పేరు కూడా అడగండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

కేదార్ చెవులు ఎర్రబడ్డాయి. నవ్వనిది రూతమ్మ గారొక్కరే. ఆవిడ లేచి, స్వెట్టరు సర్దుకుని, ఇంకెవరి చెయ్యీ పట్టుకోకుండా గదికి వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున్నే కొండంతా మంచు కప్పేసింది. కేదార్‌కి ఎలాగూ నిద్ర పట్టలేదు. శిక్షణ హాలు తలుపు తీసి ఉంది. లోపల రూతమ్మ గారు బొమ్మ పక్కన కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నారు. ఎవరి కోసమో చూస్తున్నట్టు ఉన్నారు.

"మేడమ్, ఒక మాట అడగాలి."

"అడుగు."

"మీకు భయం ఎప్పుడు పోయింది?"

ఆవిడ గ్లాసు కింద పెట్టి లేచారు. రబ్బరు బొమ్మని బల్ల అంచుకి జరిపారు.

"పడుకో."

"ఎక్కడ మేడమ్?"

"ఈ బల్ల మీదే. ఈయన ఏమీ అనుకోడు."

కేదార్ బూట్లు విప్పి పడుకున్నాడు. పక్కన బొమ్మ నోరు తెరుచుకుని పైకప్పు చూస్తోంది. అతనూ అదే చూశాడు. రూతమ్మ గారు తలవైపుకి వచ్చి నిలబడ్డారు. ఆవిడ ముఖం తలకిందులుగా కనపడింది, గడ్డం పైన, కళ్ళు కింద. అతను ఇన్నేళ్ళలో ఎన్ని వేల ముఖాలనో ఇలా తలకిందులుగా చూశాడు. తనని ఇలా ఎవరూ చూడలేదు.

"పేరు?"

"మేడమ్, నా పేరు మీకు..."

"పేరు."

"కేదార్."

"వయసు?"

"ముప్పై తొమ్మిది."

"భయంగా ఉందా?"

లేదు అందామనుకున్నాడు. "ఉంది" అన్నాడు.

ఆవిడ రెండు వేళ్ళు దవడ కింద పెట్టారు. రెండో చెయ్యి ముక్కు ముందు ఆనీ ఆనకుండా ఆగింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. కాసేపటికి ఇంకో సంగతి తెలిసింది. ఆ వేళ్ళు వణుకుతున్నాయి.

కేదార్ ఊపిరి వదిలాడు. అది ఆవిడ అరచేతికి తగలగానే వేళ్ళు కుదుటపడ్డాయి. మళ్ళీ పీల్చాడు. సన్నగా, దవడకి తప్ప ఎవరికీ తెలియనంత సన్నగా, వణుకు మొదలైంది. వదిలాడు. ఆగింది.

అతనికి కుతూహలం కలిగింది. ఊపిరి బిగబట్టాడు.

వణుకు పెరిగింది. అరచెయ్యి ముక్కుకి ఇంకా దగ్గరగా వచ్చింది. పది అంకెలు లెక్కపెట్టి ఊపిరి వదిలేశాడు. వేళ్ళు మెత్తబడ్డాయి.

"వేషాలెయ్యకు" అన్నారు రూతమ్మ గారు.

"మేడమ్, మీ చెయ్యి వణుకుతోంది."

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"మొదటి కేసు నుంచి."

"ముప్పై అయిదేళ్ళు... ఎవరూ ఎప్పుడూ చెప్పలేదే."

"నిలబడ్డవాళ్ళకి కనపడదు. పడుకున్నవాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళకి మనం మందిస్తాం కదా. లేచేసరికి మర్చిపోతారు."

కేదార్ లేచి కూర్చున్నాడు. "మీ చేతిలో ఒక్కరు కూడా పోలేదంటారు."

"ఇద్దరు పోయారు. గౌరమ్మ, బాడంగి నుంచి వచ్చింది. కొర్రా సోమన్న." ఆవిడ కిటికీలోంచి లోయ వైపు చూపించారు. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. "ఆ కింద ఉంటుంది సోమన్న వాళ్ళ ఊరు. నిన్న బస్సు దిగి ముందు అక్కడికే వెళ్ళాను."

ఆవిడ కింద పెట్టిన గ్లాసు తీసుకుని, మిగిలిన కాఫీ తాగేశారు.

"ఇక దిగు. ఇప్పుడు నా వంతు" అన్నారు ఆవిడ. స్టూలు జరుపుకుని, మోకాలు పట్టుకుని బల్ల ఎక్కారు. మందుల కంపెనీవాళ్ళు పంచిన సంచి మడిచి తల కింద పెట్టుకున్నారు. బొమ్మ పక్కన నిటారుగా పడుకున్నారు.

"పిత్తాశయంలో రాళ్ళు. బుధవారం ఆపరేషన్. మీ ఆసుపత్రిలోనే. సర్జన్‌ని చూసుకున్నాను. సర్జన్లు ఎక్కడైనా దొరుకుతారు."

బల్ల దిగిన కేదార్ చేతులు మళ్ళీ జేబుల్లోకి వెళ్ళిపోయాయి. మేనకోడలి సంబంధం గురించి, అధ్యక్ష పదవి గురించి, కాఫీ పొడి గురించి అంత చర్చ జరిగింది కానీ, ఆవిడ తనకి మత్తు ఇచ్చే చెయ్యి వెతుక్కోవడానికి వచ్చారని మూడొందల మంది మత్తు డాక్టర్లలో ఒక్కరికీ తట్టలేదు.

"మేడమ్, నేను సోమవారం నుంచి ఆపరేషన్ థియేటర్లో ఉండనేమో. ఒక కంపెనీలో..."

"సోమవారం సంగతి వాళ్ళతో తేల్చుకో. నాది బుధవారం."

"నా చెయ్యి సంగతి మీకు తెలుసు. నిన్న సాసరు..."

"విన్నాను. ఇక్కడికొచ్చాక అందరి చేతులూ చూశాను. రాళ్ళలాంటి చేతులు చాలా ఉన్నాయి. నా కడుపులో ఉన్న రాళ్ళు చాలు."

బయట మైకులో గోవిందరావు గారు గ్రూపు ఫోటోకి రమ్మని పిలుస్తున్నారు. ఈసారి మంకీ క్యాప్ లేకుండా ఉన్నానని కూడా చెబుతున్నారు. మంచులో ఎవరెవరో ఈతకొలను వైపు నడుస్తున్నారు. ఫోటోలో ఎవరి ముఖమూ కనపడదని ఎవరికీ తట్టినట్టు లేదు.

కేదార్ ఫోటోకి వెళ్ళలేదు. బల్ల చుట్టూ తిరిగి ఆవిడ తలవైపుకి వచ్చాడు. జేబుల్లోంచి చేతులు తీశాడు. రెండు వేళ్ళు దవడ కింద పెట్టాడు. రెండో అరచెయ్యి ముక్కు ముందు పట్టుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. దాచుకోలేదు.

గోరువెచ్చగా ఊపిరి వచ్చి తగిలింది.

"పేరు?" అన్నాడు.

"బోనెల రూతమ్మ."

"వయసు?"

"డెబ్బై రెండు."

"భయంగా ఉందా అమ్మా?"

"ఉంది. నీకు?"

"ఉంది."

"అయితే సరే" అని రూతమ్మ గారు కళ్ళు మూసుకున్నారు.