గెడ్డ నడుమ నూకాలమ్మ

అనగనగా ఒక ఊళ్ళో... ఒరే సూరీ, కాళ్ళు ముడుచుకో, గౌరికి దుప్పటి చాలడం లేదు. ఆ. అనగనగా గెడ్డ ఒడ్డున ఒక ఊరు. గెడ్డంటే వాగేరా, మన వైపు అలాగే అంటాం. గెడ్డకి ఇవతల ఒక రాజు, అవతల ఇంకో రాజు. రాజులు ఇద్దరైతేనేం, ఇవతలి కుర్రాళ్ళకి అవతలినుంచి పిల్లని తెచ్చుకోవడం తాతలనాటి ఆనవాయితీ. అమ్మా అటుదే, అమ్మమ్మా అటుదే, పొయ్యి ముట్టించే ప్రతి చెయ్యీ అటునుంచి వచ్చిందే. ఊ కొడుతున్నారా?

ఒక ఏడు వానల్లేక అవతలివాళ్ళు కూలి కోసం గుంపులుగా ఇటు దాటారు. ఇంకేముంది, ఊరు రెండు ముక్కలైంది. రానివ్వాలన్నది తలుపు పక్షం, వెళ్ళగొట్టాలన్నది గొళ్ళెం పక్షం. తలుపోడు గొళ్ళెపోడి బావిలో నీళ్ళు తోడడు, గొళ్ళెపోడు తలుపోడి పెళ్ళికి పోడు. పొద్దున లేస్తే అరుపులే, పొద్దు గూకితే అరుపులే. గొళ్ళెం పక్షానికి పెద్ద జగ్గప్ప. గొంతు పెద్దది, బుర్ర సంగతి నన్నడక్కండి. రాజు దగ్గరికి పోయి, అవతల పుట్టినవాళ్ళెవరూ ఇవతల ఉండకూడదని చాటింపు వేయించుకొచ్చాడు. ఇంటికొచ్చి పెళ్ళాం నూకాలమ్మ చేత చేపల పులుసు వండించుకుని మరీ తిన్నాడు. ఆవిడ ఎక్కడ పుట్టిందో ఆ మహానుభావుడికి గుర్తే లేదు.

రాజభటులకి గుర్తుండదా? మర్నాడే జగ్గప్ప గుమ్మంలో నిలబడ్డారు. తక్కిన ఇళ్ళవాళ్ళు ముందే తమ ఆడవాళ్ళని దాచేసుకున్నారులే. ఈ ఇంట్లో అవతల పుట్టినవాళ్ళెవరని అడిగారు. ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరు, నూకాలమ్మా, కోడలు పైడితల్లీ. ఇద్దరూ అటువాళ్ళే. కోడలి ఒళ్ళో పాలు తాగే పసిగుడ్డు. జగ్గప్ప నవ్వేసి, చాటింపు మనోళ్ళకి కాదు బాబూ, పరాయివాళ్ళకి అన్నాడు. పెళ్ళాలని మాత్రం వదిలెయ్యమని చాటింపులో లేదన్నారు వాళ్ళు.

నూకాలమ్మ కోడలి వంక ఒక్కసారి చూసింది. "నేనొక్కదాన్నే బాబూ. ఇది నా కూతురు, ఇక్కడే పుట్టింది," అనేసి, కొంగు దోపుకుని వాళ్ళ ముందు నడిచింది.

గెడ్డ దాటించారు. అవతలి రాజు భటులేమో, అటు కాపరానికి పోయి తల నెరిసినదానివి మాదానివెలా అవుతావు, పో అన్నారు. ఆవిడ అన్న కొడుకులు వచ్చి చూసి, ఈ ముసలామె ఎవరో మాకు తెలియదన్నారు. ఇటు రానివ్వరు, అటు రానివ్వరు. గెడ్డ నడుమ ఇసక దిబ్బ మీద కూలబడింది నా తల్లి.

పైడితల్లి రోజూ మోకాటి లోతు నీళ్ళలో నడిచి అంబలి పట్టుకెళ్ళేది. తిరిగొస్తూ కనబడ్డవాళ్ళనల్లా, అత్త ఆడిన మాట నిలబెట్టి, మా అమ్మని రానివ్వమని అడిగేది. భటుణ్ణడిగితే దళవాయినడగమన్నాడు. దళవాయినడిగితే మంత్రినడగమన్నాడు. మంత్రినడిగితే రాజునడగమన్నాడు. రాజునడిగితే ఊరంతా ఒక్క మాట మీదికొస్తే చూద్దామన్నాడు. ఆ ఊరు ఒక్క మాట మీదికి రావడమా? తలుపు పక్షం వాళ్ళు ఒడ్డున పందిరేసి, చూశారా గొళ్ళెంగాళ్ళ నిర్వాకం అని ఉపన్యాసాలిచ్చారు. ఒక్కరికి సడలిస్తే అందరూ వస్తారని గొళ్ళెం పక్షం వాళ్ళు. గుక్కెడు అంబలి మాత్రం ఏ పక్షమూ పొయ్యలేదర్రా. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

అంతలో కొండల మీద వాన పట్టింది, గెడ్డ పొంగింది. జగ్గప్ప అప్పటికే కూడు సయించక సగమైపోయాడు. పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. మునుగుతూ తేలుతూ దిబ్బ చేరి, పెళ్ళాన్ని భుజానికెత్తుకుని ఇవతలి ఒడ్డు దాకా వచ్చాడు. అక్కడ బల్లేలు అడ్డం పెట్టి నిలబడ్డదెవరు? తన పక్షం కుర్రాళ్ళే. కన్నతల్లి వచ్చినా రానివ్వొద్దని నువ్వే కదా మావా మాకు చెప్పావు, అన్నారు. నిజమే, చెప్పాను, అన్నాడు. ఈసారి అరవలేదు. వెనక్కి తిరిగి మళ్ళీ దిబ్బెక్కి, ఆవిణ్ణి దించి, పక్కన కూచున్నాడు. కోడలు పసివాణ్ణి చంకనేసుకుని ఒడ్డంతా తిరుగుతూ ఏడ్చింది.

తెల్లారేసరికి దిబ్బ లేదు. తప్పెవరిదని రెండు పక్షాలూ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఏడవకే గౌరీ. ఎవరినైనా పొమ్మనే ముందు, మీకు అన్నం పెడుతున్న చెయ్యి ఎక్కడిదో చూసుకోండి, అంతే నేను చెప్పేది. మా అమ్మయితే వాళ్ళిద్దరూ బతికి ఒడ్డుకి చేరారనీ, సుఖంగా ఉన్నారనీ చెప్పేది. ఏ ఒడ్డుకే అమ్మా అని ఓసారి అడిగాను. అటు తిరిగి పడుకుంది.

కథేమో కంచి దారి పట్టింది. మనం మన ఇంట్లోనే ఉన్నాం. కళ్ళు మూసుకోండి.