గాలి పోయేదాకా

డాక్టర్ వైజయంతి చేసిన ఆపరేషన్ తిరగబెట్టింది.

మనిషి ఎదురుగానే కూర్చున్నాడు. పేరు పంజాల సోమనర్సయ్య. పాలకుర్తి దిక్కు పల్లెలో తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. కుడి గజ్జలో హెర్నియా అని వస్తే వైజయంతే కీహోల్ ఆపరేషన్ చేసింది. కోత లేదు, పెద్ద నొప్పి లేదు, పొట్ట మీద మూడు చిన్న రంధ్రాలంతే. మర్నాడే నడిపించి ఇంటికి పంపింది. ఇప్పుడు అదే గజ్జలో అదే బుడిపె, దగ్గితే చాలు బయటికి తన్నుకొస్తోంది.

"నేను చెప్పినదానికంటే ముందే చెట్టెక్కావు కదా?"

"ఎక్కలే డాక్టరమ్మా. ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు. చెట్టెక్కే మోకు ఇంట్ల దూలానికే ఏలాడుతాంది."

"మరి ఎక్కకుండానే ఎట్లా తిరగబెట్టింది?"

పక్కనున్న భార్య కొంరమ్మ అందుకుంది. "నేను గదే అంటున్న అమ్మా. ఎవలు జూడకుండ ఎక్కే ఉంటడు. ఈయన ఒకల మాట ఇంటడా?"

సోమనర్సయ్య తల దించుకున్నాడు. "ఈ ఏడు గూడ ఎక్కకపోతే నా చెట్లు ఇంకొకలకు ఇస్తరమ్మా. ఎట్లనన్న జేసి బాగుజెయ్యి" అన్నాడు.

వైజయంతి రుసరుసలాడుతూ గౌస్ సారు గదికి వెళ్లింది.

ఆమెకు ఈ విద్య నేర్పింది ఆయనే. సారు నోట్లోంచి మాట ఊడిపడటం కష్టం. ఆపరేషన్ థియేటర్లో ఎవరైనా పొరపాటు చేస్తే తిట్టడు, గొంతు సవరించుకుంటాడంతే. ఆ చిన్న దగ్గుకే అందరికీ చెమటలు పడతాయి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో వైజయంతిదే అందరికన్నా చురుకైన చెయ్యి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు.

"చెట్టెక్కి చెడగొట్టుకున్నాడు సార్."

"నువ్వు చూశావా?"

"చూడలేదు. కానీ నా పనిలో తప్పు లేదు. రికార్డింగ్ ఉంది, మీరే చూడండి. తప్పు చూపిస్తే ఇక్కడికిక్కడే ఒప్పుకుంటాను."

సారు కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు.

తెర మీద ఆపరేషన్ మొదలైంది. పొట్ట గోడకు వెనకాల, పేగులను కప్పి ఉంచే పల్చటి పొరకు ముందు, గ్యాస్ నింపి కాస్త చోటు చేసుకోవాలి. ఆ చోట్లోకి కెమెరా, రెండు సన్నటి పనిముట్లు వెళ్తాయి. జారిన పొరను వెనక్కి లాగి, గోడలో పడ్డ కంతను కప్పేట్టు మెష్ అనే వలగుడ్డ పరవాలి. గ్యాస్ పోయాక ఆ పొరే తిరిగొచ్చి వలను గోడకు అదిమి పట్టుకుంటుంది.

నిజంగానే చూడముచ్చటైన పని. ఎక్కడా తడబాటు లేదు, రక్తం లేదు. వల నలువైపులా ఇస్త్రీ చేసినట్టు పరుచుకుంది. అక్కడితో రికార్డింగ్ ఆగిపోయింది.

వైజయంతి సారు ముఖంలోకి చూసింది. భేష్ అంటాడేమోనన్న ఆశ ఇంకా చావలేదు మరి.

"తర్వాత?" అన్నాడు సారు.

"తర్వాతేముంది సార్? అయిపోయింది. కెమెరా తీసేసి గ్యాస్ వదిలేశాను."

సారు గొంతు సవరించుకున్నాడు. లేచి, "నాతో రా బిడ్డా" అన్నాడు.

తీసుకెళ్లింది జనరల్ వార్డుకు. మూలన ఒక ఖాళీ మంచం, దాని మీద గాలిపరుపు. మంచాన పడ్డవాళ్లకు ఒళ్లు పుండ్లు పడకుండా వేస్తారే, అది. అప్పుడే గాలి నింపి ఉంచారు, బిగుతుగా ఉబ్బి ఉంది. సారు ఉతికిన దుప్పటి ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు.

"పరుచు. ముడత ఉండొద్దు."

వార్డంతా చూస్తోంది. వైజయంతికి తల కొట్టేసినట్టయింది. ఇంత చదివి చివరికి పక్కలు వెయ్యాలా? అయినా పంతం కొద్దీ పరిచింది. నాలుగు మూలలూ సరిచేసి, అరచేత్తో సాపుచేసింది.

"ముడతలున్నాయా?"

"ఒక్కటి కూడా లేదు సార్."

"గోడవైపు తిరుగు."

"ఎందుకు సార్?"

"తిరుగు."

తిరిగింది. వెనకాల బుస్సుమని చప్పుడైంది. ఆ చప్పుడు తగ్గి తగ్గి ఆగిపోయింది.

"ఇప్పుడు చూడు."

పరుపు మంచానికి అతుక్కుపోయి ఉంది. దుప్పటి కింది అంచు లోపలికి చుట్టుకుని నడిమికి వచ్చేసింది. ఆ అంచు ఉండాల్సిన చోట పరుపు బోసిగా కనిపిస్తోంది.

"ఎవరు లాగారు సార్ దీన్ని?"

"ఎవరూ లాగలే" అన్నాడు సారు.

ఎక్కలే డాక్టరమ్మా అన్న గొంతు మళ్లీ చెవిలో వినిపించింది వైజయంతికి. ప్రతి ఆపరేషన్‌లో సరిగ్గా గ్యాస్ వదిలే ఆ ఘడియలోనే ఆమె కళ్లు తెర మీంచి తిప్పేసుకుంటుంది. వల పరిచాక ఇంక చూడాల్సిందేముందని! ఎంతమందికి అలా చేసిందో తలుచుకోగానే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

సారు పరుపుకు గాలి కొట్టే పంపు ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

వైజయంతి వెళ్లలేదు. పరుపులో మళ్లీ గాలి నింపింది. దుప్పటి పరిచింది. ఈసారి కింది అంచును అరచేత్తో అదిమిపట్టి, రెండో చేత్తో పరుపు గాలిమూత కొంచెం కొంచెంగా వదులు చేసింది. కన్ను ఆర్పకుండా చూసింది. ఒక మూల జారింది. మళ్లీ నింపింది. పక్క మంచం మీది ముసలమ్మ, "పాపం, ఈ పని కొత్తనుకుంట" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుని, అంచు కదలకుండా నిలిచేదాకా చేస్తూనే ఉంది.

తర్వాత నేరుగా సోమనర్సయ్య దగ్గరికి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నువ్వు చెట్టెక్కలేదు. తప్పు నాది. వల చివరిదాకా చూసుకోలేదు నేను."

సోమనర్సయ్య చెయ్యి భార్య వైపు చూపించాడు. "నాకు గాదమ్మా, దానికి జెప్పు. ఇది మల్ల వచ్చినకాడికెల్లి ఇంటోళ్లు, ఊరోళ్లు, అందరు నన్నే తిట్టవట్టిరి."

వైజయంతి కొంరమ్మ వైపు తిరిగి, అదే మాట మొదటినుంచీ చెప్పింది. కొంరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఎన్ని మాటలంటి నేను" అని ఏడ్చేసింది. సోమనర్సయ్య కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి.

పాత దారిన మళ్లీ పోతే లోపల అతుక్కుపోయిన పొరలు అడ్డొస్తాయి కనక ఈసారి ముందునుంచి కోసి చేశారు. చెయ్యి వైజయంతిది, ఎదురుగా సారు. కంతలోకి వేలు పోనిస్తే గట్టిగా ఏదో తగిలింది. చుట్టుకుపోయిన వల అంచు. ఆమె వేలు కాసేపు అక్కడే ఆగింది. సారు గొంతు సవరించుకోలేదు.

ఏడాది తిరిగింది. సోమనర్సయ్య చెట్లు సోమనర్సయ్యకే ఉన్నాయి, మోకు దూలం మీంచి దిగింది. ఒక పొద్దున తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"వీనికి గూడ పేగు జారింది డాక్టరమ్మా. ఇంకెవలొద్దు, నువ్వే జెయ్యాలె."

ఆ రోజు థియేటర్లో కెమెరా పట్టుకునే పని సారు తీసుకున్నాడు. మామూలుగా అది కొత్తగా చేరినవాళ్ల పని.

వల పరవడం పూర్తయింది. ముడత లేదు. అలవాటుగా సిస్టర్, తెర కోసం ఆర్పిన లైట్లు వెయ్యబోయింది.

"అయిపోయిందా?" అన్నాడు సారు.

"లేదు సార్. ఇంకా గాలి ఉంది."

వైజయంతి వల కింది అంచును పనిముట్టుతో అదిమిపట్టింది. గ్యాస్ కొద్దికొద్దిగా వదిలారు. పల్చటి పొర మెల్లగా దిగొచ్చి వల మీద వాలింది. అంచు కదల్లేదు. ఆమె రెప్ప వెయ్యలేదు. తెరంతా ఎర్రగా మూసుకుపోయి, ఇక చూడటానికేమీ మిగలనప్పుడు సారు కెమెరా బయటికి తీశాడు.

"ఇప్పుడైంది" అన్నాడు.