వర్తకుడి మనవరాలు ఎక్కిన పడవ

పొద్దున్నే సన్నగా తుంపర పడుతోంది. ఏటి మీద గాలి గట్టిగానే ఉంది. కిందటి వారం నడి ఏట్లో పాత పడవ మునిగితే పిల్లలతో ఈదుకుంటూ ఒడ్డెక్కిన నూకాలు, ఇంకో పడవ కొందామని రేవుకొచ్చింది.

వర్తకుడు వీరభద్రయ్య దగ్గర రెండే ఇంజను పడవలున్నాయి. ఎర్రది సన్నం, ఇంజను పెద్దది. నల్లది వెడల్పు, ఇంజను చిన్నది.

“ఎర్రది పట్టుకుపో, బాణంలా దూసుకుపోతుంది. నల్లది ముసలి గేదె! అయినా పడవల సంగతి నీకేం తెలుసులే,” అన్నాడు వీరభద్రయ్య.

“తమరు చెప్పాక ఇంకేముంది బాబూ!” అంది నూకాలు. “ఏటి మధ్య మా లంకలో ఓ ఆనవాయితీ ఉంది. అమ్మినవారి ఇంటి బిడ్డ ముందు ఎక్కి, అవతలి ఒడ్డు తాకి రావాలి. ఆ తర్వాతే మేం ఎక్కుతాం. మీ పక్కనున్న మనవరాల్ని ఎక్కించండి.”

రేవులో జనం చూస్తున్నారు. వీరభద్రయ్య గాలికి లేస్తున్న అలల్ని చూశాడు, పక్కనున్న పాపని చూశాడు.

“ఒరేయ్, పాపని నల్లదాంట్లో కూర్చోబెట్టండ్రా!” అని కేకేశాడు.

“అయితే నాకూ ఆ ముసలి గేదెనే ఇప్పించండి బాబూ,” అంది నూకాలు. రేవంతా గొల్లున నవ్వింది.

సాయంత్రం సంత నుంచి నల్ల పడవ లంకకి చేరింది. నూకాలు ముందు దిగి, వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. మొగుడు, అత్త, పెద్దపిల్ల, చిన్నోడు, వాడి చంకలో మేకపిల్ల. అందరూ వచ్చారు.