దొరవారి దుర్భిణి

చింతగుంట జమీందారు రంగభూపతికి గాలితుపాకి పిచ్చి. ఆయన పేల్చినప్పుడల్లా నూరడుగుల అవతలి గురిపలక దాకా నడిచి, గుండు ఎక్కడ తగిలిందో చూసి రావడం పోలయ్య కొలువు. పాతికేళ్ల నడకకి మోకాళ్లు అరిగిపోయాయి. తగిలిందంటే దొర సంతోషంగా లేచి వెళ్లిపోతాడు, లేదంటే మళ్లీ పేలుస్తాడు. అందుకే పోలయ్య మొలలో మేకు దాచుకుని, పలక మధ్యలో తనే చిల్లు పొడిచి, "నట్టనడుమ, దొరా" అని వచ్చేసేవాడు.

ఒకనాడు దొర పట్నం నుంచి దుర్భిణి తెప్పించుకుని చూశాడు. పోలయ్య మేకు తీయడం స్పష్టంగా కనబడింది.

"ఇన్నాళ్లూ నువ్వు చేసింది ఇదా? ఇక నీతో పనిలేదు. నా గురి నేనే చూసుకుంటాను."

పోలయ్య ఉన్నచోటే చతికిలబడ్డాడు. "చిత్తం. ఇంతకాలం గుండు ఎటు పోయేదో నా ఒక్కడికే తెలుసు. రేపు మీ గురి చూడ్డానికొచ్చే జమీందార్లు కూడా ఆ దుర్భిణి ఒకసారి ఇమ్మంటారు కదా దొరా."



మర్నాడు తుపాకి పేలింది. దుర్భిణి పోలయ్య తప్ప ఎవరూ ముట్టకూడదని, అది సంస్థానం ఆనవాయితీ అని దొర అతిథులకి చెప్పాడు. ఆ ఎండలో పలక దాకా నడవాలని ఎవరికీ అనిపించలేదు. దొర పక్కనే పీట మీద కాళ్లు చాపుకున్న పోలయ్య, దుర్భిణికి ఆనించిన కన్ను హాయిగా మూసుకుని, "నట్టనడుమ, దొరా" అన్నాడు.