పావు వంతు నీళ్ళు

వీణ నేర్పే విశాలాక్షమ్మగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని అప్పజెప్పేవారు.

రత్నప్రభ విషయంలోనూ అదే జరిగింది. ఆమె బొబ్బిలిలో ఒక మాస్టారి దగ్గర తొమ్మిదేళ్ళు నేర్చుకుని, ఆయన పోయాక విజయనగరం వచ్చి ఈవిడ దగ్గర చేరింది. రెండు నెలలైనా చెయ్యి కొత్త బాణీకి లొంగలేదు. పాత మీటు ఎక్కడో ఒకచోట తొంగిచూస్తూనే ఉంది. చివరికి విసిగి అడిగేసింది.

"అమ్మా, మాస్టారు నేర్పిందంతా కడిగేసుకుని సరళీ స్వరాల నుంచి మొదలుపెట్టనా? లేదంటే వీణే మానెయ్యనా?"

"రేపు పలాస వెళుతున్నానమ్మా, మా చెల్లెలి ఇంటి గృహప్రవేశానికి. వారం దాకా రాను. నవ్వులయ్యను చూసుకో. మంగళవారం పావు వంతు నీళ్ళు మార్చు, చాలు," అన్నారు ఆవిడ.

నవ్వులయ్య ఒక యాక్సలాటల్. మెక్సికో దేశపు నీటి జంతువు. మెడకి అటూ ఇటూ ఎర్రటి కుచ్చుల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు. ఒక శిష్యుడు గురుదక్షిణగా ఇచ్చాడు. చల్లటి నీళ్ళు లేకపోతే బతకదు కనుక దాని గదికి ఏసీ. "మాకు విసనకర్ర, అయ్యగారికి ఏసీ," అని శిష్యులు ఉడుక్కునేవారు.

మంగళవారం తొట్టి మూత తీసిన రత్నప్రభకి నీళ్ళు వడకట్టే స్పాంజి కనబడింది. గోధుమరంగు జిగురు పట్టి ఉంది. "ఛీ, ఇదా అమ్మగారి శుభ్రం!" అనుకుని, దాన్ని కుళాయి కింద పెట్టి రాగిచెంబు తోమినట్టు తోమి, మేడమీద ఎండలో ఆరేసింది. పావు వంతేం ఖర్మ, క్లోరిన్ విరిచే మందు వేసి నీళ్ళన్నీ మార్చేసింది. తొట్టి అద్దంలా మెరిసింది.

శుక్రవారానికల్లా నవ్వులయ్య వానపామును ముట్టడం మానేశాడు. మొప్పలు ముందుకు ముడుచుకున్నాయి. శనివారం అమ్మగారు వచ్చేసరికి నీటిపైన తేలుతున్నాడు.

అమ్మగారు గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, విషం ఉందో లేదో తేల్చే మందు చుక్కలు వేశారు. పసుపుపచ్చగా ఉండాల్సింది ఆకుపచ్చగా తిరిగింది.

"నీళ్ళలో విషముందే. స్పాంజిని ఏం చేశావు?"

"తెల్లగా తోమానమ్మా," అంది రత్నప్రభ, సగం గర్వంగా, సగం భయంగా.

"నవ్వులయ్య మలంలోంచి పుట్టే విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ఆ జిగురులోనే కాపురం ఉంటాయి. రెండు నెలలు పట్టింది తల్లీ అవి కుదురుకోడానికి. నువ్వు ఒక్కపూటలో ఇల్లు ఖాళీ చేయించేశావు."

రత్నప్రభ కళ్ళు తుడుచుకుంది. "చచ్చిపోతాడా అమ్మా?"

"ఏడుపు తరవాత. ముందు చల్లటి నీళ్ళు పట్టు."

నవ్వులయ్యను క్లోరిన్ విరిచే మందు కలిపిన చల్లటి నీళ్ళ టబ్బులోకి మార్చారు. పక్కగదిలో చిన్నచేపల తొట్టి ఉంది. అందులోని జిగురు స్పాంజిని సగం కోసి తెచ్చి ఈ తొట్టిలో పెట్టించారు. మంగళవారం ఛీ అనుకున్న అలాంటి మురికినే రత్నప్రభ ఈసారి రెండు చేతులా, ప్రసాదం పట్టినట్టు పట్టుకొచ్చింది. రోజూ టబ్బు నీళ్ళు మార్చింది, రోజూ చుక్కలు వేసి తొట్టి నీళ్ళ రంగు చూసింది. రంగు పసుపుపచ్చకి తిరిగాక నవ్వులయ్యను మళ్ళీ తొట్టిలోకి చేర్చారు. పదోరోజున, మంగళవారం పొద్దున్న, అతగాడు ఆమె చేతిలోని వానపామును లటుక్కున లాగేసుకున్నాడు. ఆమె ఎంత గట్టిగా నవ్విందంటే వీధిలోకి వినబడింది.

"ఇక వీణ తియ్యి. మీ మాస్టారు నేర్పిన మోహన వర్ణం వాయించు," అన్నారు అమ్మగారు.

పల్లవి దాటకుండానే పాత మీటు తొంగిచూసింది. రత్నప్రభ చెయ్యి ఆగిపోయింది.

"మాస్టారిది వచ్చేసిందమ్మా."

అమ్మగారు తొట్టివైపు చూస్తూ అన్నారు. "రానీ. ఇవాళ మంగళవారమే కదా, పావు వంతు మారుద్దాం."