నక్క చేతిలో వారధి

గోదావరి రెండు పాయలుగా చీలే చోట, రెల్లు దుబ్బుల నడుమ ఒక లంక. ఆ లంకలో జంతువుల విశ్వవిద్యాలయం. చదువు ముగించినవాళ్లు ఏటా పాయ దాటి తలో దిక్కుకూ వెళ్లిపోయేవాళ్లు. వెళ్లినవాళ్లకీ ఉన్నవాళ్లకీ మధ్య మాట తెగిపోకూడదని వైస్ ఛాన్సలర్ నందీశం గారు అందరి ఫోన్లలో 'వారధి' అనే యాప్ పెట్టించారు. నందీశం గారు ఎద్దు. ఓపిక ఎక్కువ, అనుమానం తక్కువ. అందుకే ఆ యాప్ పెత్తనం జంబన్న అనే నక్కకి అప్పగించారు.

జంబన్న వస్తూనే ఒక ఏర్పాటు చేశాడు. ఎవరేం రాసినా ముందు అతని ఫోన్‌కే వస్తుంది. అతను సరేనంటేనే అవతలివాళ్లకి చేరుతుంది. "చెత్త మాటలు రాకుండా కాపలా కాస్తున్నానండి" అన్నాడు. పాత విద్యార్థులు పిల్లల కోసం పంపే చేపలూ, తేనే మాత్రం ఏ కాపలా లేకుండా అతని గదికి చేరేవి.

కస్తూరి అనే ముంగిస అక్కడ విషవైద్యం చదువుతోంది. కొండ ఊళ్లలో పాముకాటుకి మందిచ్చే రాజ్యం గారనే పునుగుపిల్లి ఒకప్పుడు ఈ లంకలోనే చదివింది. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటానని కస్తూరి ఎన్నోసార్లు రాసింది. ఒక్క జవాబూ లేదు.

"పెద్దవాళ్లకి తీరికెక్కడిది అమ్మాయ్? నీలాంటివాళ్లు ఎంతమందో" అనేవాడు జంబన్న.

నిజమే కాబోలనుకుని కస్తూరి లోలోపలే కుంగిపోయింది.

ఆ శ్రావణంలో, పాత విద్యార్థుల సభ రేపనగా, గోదావరి రంగు మారింది. పొద్దున్నే రేవుకి వెళ్లిన కస్తూరికి మెట్లు కనిపించలేదు. ఎర్రనీళ్లు సుడులు తిరుగుతూ గట్టుని ఒరుసుకుపోతున్నాయి. ఎగువన ఆనకట్ట దగ్గర నీటిమట్టం చూసే ఉద్యోగం గంగులుది. అతను నీటికుక్క, ఆమెకి సీనియర్. నీళ్లు వదిలితే గంగులు కబురు పెట్టకుండా ఉండడు.

పరుగున జంబన్న దగ్గరికెళ్లింది. అతను మామిడి తోరణాలు కట్టిస్తున్నాడు.

"జంబన్న గారూ, గంగులన్న ఏమైనా రాశాడాండీ?"

"ఏమీ రాయలేదే" అన్నాడు జంబన్న. అనేలోపే బల్ల మీద అతని ఫోన్ మోగింది. తెర మీద గంగులు పేరు వెలిగింది. జంబన్న చటుక్కున ఫోన్ బోర్లించాడు. అది మళ్లీ మోగింది.

"తీయండి మరి!"

"రేపు సభ. బోలెడంత సరంజామా వస్తోంది. ఇప్పుడు వరద వరద అని గోల పెడితే ఒక్కడైనా వస్తాడా? వీళ్లు ఏటా ఇలాగే హడలగొడతారు. పో, పోయి చదువుకో."

అంటే కబురొచ్చింది! కస్తూరి నందీశం గారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన నెమరు వేస్తూ విన్నారు. "జంబన్న చూసుకుంటానన్నాడమ్మా. వాడికి తెలీదా?" అన్నారు.

తిరిగొచ్చేసరికి నీళ్లు అరటితోటలోకి వచ్చేశాయి. ఏ పాయ దాటాలో, ఎక్కడ లోతో తెలీకుండా పిల్లలందర్నీ నీళ్లలోకి దింపడం ఎలా? ఫోన్ లాక్కుందామంటే నక్క కోరల ముందు తనెంత? కస్తూరి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత మొహానికి నవ్వు పులుముకుని మళ్లీ జంబన్న దగ్గరికెళ్లింది.

"మీకో మాట చెప్పడం మర్చిపోయానండీ. కొల్లేరు పోలమ్మక్క, అదేనండీ, మన గూడబాతు, పడవ నిండా కొర్రమీనులు పంపుతుందట. ఒక పట్టు పట్టింది. పిల్లలు వాళ్ల చేత్తో వాళ్లే అడగాలట. మధ్యలో ఎవరో దిద్ది పంపిన మాటలైతే ఆ పడవ పక్క లంకకి పోతుందట."

జంబన్న చెవులు నిక్కాయి. "కొర్రమీనులా? పడవ నిండానా?"

"ఇంకాసేపట్లో పడవ తిప్పేస్తారటండీ."

జంబన్న ఆమె మొహంలోకి గుచ్చి గుచ్చి చూశాడు. కస్తూరి తోక వణకకుండా కాళ్ల కింద నొక్కి పట్టింది. చివరికి అతని నాలుక మూతి మీదికి వచ్చింది.

"ఒక్క మాట రాసేంతసేపే తెరుస్తా. అడుగు, దణ్ణం పెట్టు, ఆపెయ్."

అతను తన ఫోన్‌లో వారధి తాళం తీశాడో లేదో కస్తూరి వేళ్లు ఆమె ఫోన్ మీద పరుగెత్తాయి. "గంగులన్నా, అందరం లంకలోనే ఉన్నాం. ఎటు దాటాలి?"

"ఏం రాశావే!" జంబన్న ఆమె చేతిలోని ఫోన్ మీదికి దూకాడు. అప్పటికే గంగులు గొంతు లంకలో ఉన్న ప్రతి ఫోన్‌లోంచీ మారుమోగింది.

"ఇంకా అక్కడే ఉన్నారా? పొద్దున్నుంచీ అరుస్తున్నాను, పలికేవాడే లేడు! గేట్లన్నీ ఎత్తేశారు. సాయంత్రానికి లంక మునుగుతుంది. కదలండి!"

జంబన్న మళ్లీ తాళం వెయ్యబోయాడు. అతని చెయ్యి మీద ఒక కొమ్ము ఆనింది. నందీశం గారు తన ఫోన్‌లో ఆ గొంతు విని వచ్చేశారు. "ఉంచు" అన్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు.

ఇక పాత విద్యార్థుల జవాబులు వరదలాగే వచ్చాయి. పడమటి పాయలో సుడిగుండం ఉంది, అటు వెళ్లకండి అని పైనుంచి చూసిన కొంగ రాసింది. తూర్పు గట్టున ఉండే దున్నపోతు సింహాద్రి, "మందతో దిగుతున్నాను. పిల్లల్ని మా వీపులెక్కించండి" అన్నాడు. కుందేళ్లూ ఉడుతలూ ఏడుస్తూనే ఎక్కాయి. నడి పాయలో ఒక కుందేలు జారింది. కస్తూరి దాని చెవి పళ్లతో పట్టుకుంది, గట్టు చేరేదాకా వదల్లేదు.

గట్టు మీద ఊపిరి తీసుకుంటుంటే ఆమె ఫోన్ మోగింది. రాజ్యం గారు. "నువ్వేనా కస్తూరివి? నువ్వు రాసినవన్నీ ఇప్పుడే ఒక్కసారిగా చేరాయి. తోడుగా ఒక పిల్లని పంపమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. 'మా పిల్లలకి ఇష్టం లేదు' అని లంక నుంచి జవాబొచ్చేది. రేపే వచ్చెయ్యమ్మా."

కస్తూరికి ఏడుపాగలేదు. అంతలోనే తల తిప్పి చూసింది. "జంబన్న గారేరీ?"

జంబన్న గది కప్పు మీదున్నాడు. చుట్టూ నీళ్లు. దాచుకున్న తేనె కుండలూ ఎండుచేపల బుట్టలూ చంకల కింద ఇరికించుకుని కేకలేస్తున్నాడు.

"వెళ్లు సింహాద్రన్నా" అంది కస్తూరి.

సింహాద్రి ఈదుకుంటూ వెళ్లాడు. "అవి వదిలి ఎక్కు."

"ఇవి కూడా మోయలేవా?"

"అవో నువ్వో. తేల్చుకో."

కుండలు ఒక్కొక్కటే నీళ్లపాలయ్యాయి. తడిసి ముద్దయిన జంబన్న గట్టుకొచ్చేసరికి పిల్లలు తమ సీనియర్లతో ఫోన్లలో గలగలా మాట్లాడుకుంటున్నారు. ఎవరి మాటకీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. అతన్ని పలకరించినవాళ్లు లేరు. నందీశం గారు మాత్రం చెయ్యి చాచి అతని ఫోన్ అడిగారు. జంబన్న తల వంచుకుని ఇచ్చేశాడు.

నీతి: నలుగురినీ కలపాల్సిన దారి ఒక్కడి గుప్పిట్లో పెడితే, అది దారి కాదు, అడ్డుగోడ.