తేలికైన తోక

అనకాపల్లి దగ్గర మా ఊళ్ళో, మా వీధి చివర ఉంటారు పైడయ్య, గవిరేసు, సన్నిబాబు అనే అన్నదమ్ములు. తెలివంటే తమదేనని వాళ్ళ నమ్మకం. జనమంతా సొంత బుర్ర వాడి చెడిపోతున్నారనీ, తాము మాత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తామనీ, అందుకే తమ చేతుల్లో తప్పనేదే జరగదనీ పైడయ్య టీ కొట్టు దగ్గర తెగ చెప్పుకునేవాడు. వింటూ వింటూ మా టీలు చల్లారిపోయేవి.

వాళ్ళమ్మ నూకాలమ్మకి ఒకటే కోరిక. ఒక్కసారి విమానమెక్కి తన ఊరిని పైనించి చూడాలి. టిక్కెట్టు కొంటే ఆ విమానం మన ఊరి మీదకొచ్చి ఆగదు కదా, సొంతంగా కట్టేద్దాం అనుకున్నారు కొడుకులు. ఇళ్ళల్లో విమానాలు కట్టుకునేవాళ్ళ క్లబ్బొకటి పట్నంలో ఉంటే వెళ్ళి అడిగారు. అక్కడి పెద్దమనిషి శేషగిరి గారు తోక ప్లాను ఒక్కటే చేతిలో పెట్టి, ముందు తోక కట్టండి, అది చూసి నేను సంతకం పెడితేనే మిగతా ప్లాన్లు ఇస్తాం అన్నారు. అంటే తోక నెగ్గకపోతే నూకాలమ్మ కోరిక గంగలో కలిసినట్టే.

ప్లాను పరిచి చూశారు. తోక ఎంత ఎత్తుంటుందో తెలియడానికి పక్కన ఓ మనిషి బొమ్మ గీసి ఉంది. నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉన్నాడు. గీశారంటే కావాలనే గీసుంటారు, మనిషి లేకపోతే తోక పూర్తవదు అన్నాడు పైడయ్య. అంతే, సన్నిబాబుని తీసుకొచ్చి నడుం మీద చెయ్యేయించి వాకిట్లో నిలబెట్టేశారు. వాడు కదిలితే కొలత చెడుతుందని అన్నం కూడా వాళ్ళమ్మే కలిపి నోట్లో పెట్టేది. ఇంతలో బొమ్మలో మనిషికి మీసం లేదని గవిరేసు కనిపెట్టాడు. ఇంకేముంది, మంగలిని పిలిచి మీసం తీయించేశారు. సన్నిబాబు పెళ్ళాం పొలం నుంచి వచ్చి, నా ఇంటి ముందు ఈ పరాయి మగాడెవడని చీపురు అందుకుంది.

ప్లానులో కొన్ని గీతలు చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. స్కూలు మేస్టారిని అడిగితే, అవి లోపలుండే చెక్కలు, బయటికి కనపడవు అన్నారు. కనపడవంటే కనపడవు, మనకి కనపడితే ప్లాను తప్పినట్టే కదా. అంతే, ఆ చెక్కలు చెక్కినంతసేపూ కళ్ళకి గంతలు కట్టుకున్నారు. గవిరేసు సుత్తి పైడయ్య బొటనవేలి మీద పడింది. పైడయ్య సుత్తి గవిరేసు మోకాలి మీద పడింది. అయినా ఒక్కడూ గంత విప్పలేదు. నూకాలమ్మ దెబ్బలకి పసుపు రాస్తూ, నా బిడ్డల శ్రద్ధ చూడండని వీధంతటినీ పిలిచింది. నేనైతే నవ్వాగక గోడ చాటుకు పోయాను.

జిగురు డబ్బా మీద, ఆరేదాకా కదలకుండా పట్టుకోవాలని రాసుంది. పట్టుకున్నారు. ఆరాక చూస్తే తోకకి పైడయ్య కూడా అతుక్కుని ఉన్నాడు. ఊడదీయొచ్చో లేదోనని గవిరేసు ప్లానంతా వెతికాడు. అందులో పైడయ్య ఎక్కడా లేడని తేలాకే ఊడబీకాడు.

ఎలా కుదిరిందో దేవుడికే తెలియాలి గానీ, తోక మాత్రం నిటారుగా నిలబడింది. శేషగిరి గారు వచ్చారు. ముందు సన్నిబాబుని ఇంట్లోకి పంపించారు. తర్వాత తోకని తట్టారు, కుదిపారు, వంగి చూశారు. నూకాలమ్మ గుమ్మంలో చేతులు జోడించి ఆయన మొహమే చూస్తోంది.

"గట్టిగానే ఉందమ్మా. బరువే కాస్త ఎక్కువైంది," అన్నారాయన. "చెక్కలకి కన్నాలు కొట్టండి, తగ్గుతుంది. ఎంత తేలికైతే అంత మంచిది. నేను భోంచేసొచ్చి సంతకం పెడతాను."

అంతే. కన్నం కొట్టారు, కాటాకి వేలాడదీశారు, బరువు తగ్గింది. మళ్ళీ కొట్టారు, ఇంకా తగ్గింది. కన్నానికీ కన్నానికీ మధ్య మిగిలిన చెక్కకీ కన్నాలు కొట్టారు. అలా కొట్టగా కొట్టగా కాటా ముల్లు సున్నా దగ్గరికొచ్చి ఆగింది. వాకిట్లో చెక్కపొట్టు గుట్టగా పోసి ఉంది. ఇంతకన్నా తేలిక ఎవడూ చెయ్యలేడని పైడయ్య చెమట తుడుచుకున్నాడు. అంతలో సముద్రం వైపు నుంచి గాలి లేచింది. ఇంకేముంది, ఆ పొట్టంతా లేచి, పెంకుల మీదుగా తిరిగి, చెరుకు తోటల వైపు సాగిపోయింది.

నూకాలమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఎగిరింది రా నాయనా. నన్నెక్కించకుండానే పంపేశారేంట్రా."

"తోక మీద ఎవరైనా కూర్చుంటారేంటే అమ్మా," అన్నాడు పైడయ్య. "నీ సీటు ముందు భాగంలో కదా ఉండేది."

శేషగిరి గారు భోంచేసి వచ్చేసరికి, అన్నదమ్ములు ఆటోలోకి కొత్త చెక్కలూ, బియ్యం మూటా, పట్టుచీర కట్టుకున్న వాళ్ళమ్మనీ ఎక్కిస్తున్నారు. తోకేదయ్యా అని అడిగారాయన. పైడయ్య ఆకాశం వైపు చూపించాడు.

"ఇప్పుడే బయల్దేరిందండి బాబూ. ఎక్కడ దిగితే అక్కడే దానికి మిగతా విమానం తగిలించేస్తాం. మీరూ ఎక్కండి, దారిలో కనిపిస్తే సంతకం పెట్టేద్దురు గాని."